మట్టి నానోగొట్టాల్లో సరుకు నింపి కాంపోజిట్లలో వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాలోయ్‌సైట్ అంటే ఏమిటి? చీనా మట్టికీ దీనికీ తేడా ఏమిటి?

హాలోయ్‌సైట్ సహజంగానే సన్నని గొట్టాల రూపంలో దొరికే మట్టి. ఆ గొట్టాల్లో నింపే మందు, తుప్పు నిరోధకం లాంటి పదార్థాన్నే ఇక్కడ సరుకు అంటున్నాం. నింపిన గొట్టాలను రెసిన్‌లో (గట్టిపడే జిగురు) గానీ ప్లాస్టిక్‌లో గానీ కలిపితే వచ్చే మిశ్రమ పదార్థం కాంపోజిట్. ఇక తేడా సంగతి: రసాయన కూర్పు చూస్తే హాలోయ్‌సైట్, చీనా మట్టి దాదాపు ఒకటే. చీనా మట్టిలో పొరలు పలకల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. హాలోయ్‌సైట్‌లో అవే పొరలు చాప చుట్టినట్టు చుట్టుకుని గొట్టాలవుతాయి. ఒక్కో పొరలో సిలికా రేకు, అల్యూమినా రేకు అతుక్కుని ఉంటాయి. వాటి కొలతలు ఒకదానికొకటి సరిపోవు. పొరల మధ్య నీళ్లు చేరి పట్టు సడలితే, చిన్నదైన అల్యూమినా రేకు లోపలికి, పెద్దదైన సిలికా రేకు బయటికి వచ్చేలా పొర వంగుతుంది. అందుకే గొట్టం బయటి ముఖం సిలికా, లోపలి ముఖం అల్యూమినా. నింపడానికి సంబంధించిన సగం కిటుకులు ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

బయటి వ్యాసం సుమారు 50–70 నానోమీటర్లు, లోపలి బోలు 10–20 నానోమీటర్లు, పొడవు ఎక్కువగా అర మైక్రాన్ నుంచి ఒకటిన్నర మైక్రాన్ వరకు. గోడలో 15–20 చుట్లుంటాయి. వెంట్రుక మందంలో ఇలాంటివి వెయ్యి గొట్టాలు పక్కపక్కన పడతాయి. ఈ ఖనిజాన్ని 1826లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్తియే వర్ణించాడు. బెల్జియం భూగర్భ శాస్త్రవేత్త ఒమాలియస్ డాలోయ్ మీదుగా దానికా పేరొచ్చింది. గొట్టాల్లో మందులాంటి పదార్థాలు నింపి, అవి ఎంత మెల్లగా బయటికొస్తాయో కొలిచిన తొలి పనుల్లో 2001లో ప్రైస్, గేబర్, ల్వోవ్ ప్రచురించినది ముఖ్యమైనది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని డ్రాగన్ గని, న్యూజిలాండ్‌లోని మటౌరీ బే నిక్షేపాలు పేరున్నవి. మటౌరీ బే మట్టి తెల్లదనం వల్ల పింగాణీ పనికి ఎక్కువగా వెళ్లింది.

ఇది ఆస్బెస్టాస్ లాంటిదా?

కాదు. ఆస్బెస్టాస్‌లో ఒక రకమైన క్రిసోటైల్ కూడా చుట్టుకున్న పొరే, కానీ అది మెగ్నీషియం ఖనిజం. సిలికా రేకు లోపలికి, మెగ్నీషియం రేకు బయటికి ఉంటాయి, అంటే తిరగేసిన చుట్ట. దాని పోగులు చాలా పొడవు. హాలోయ్‌సైట్ ఒకటి రెండు మైక్రాన్లు దాటడం అరుదు. అలాగని పొడిని ధైర్యంగా పీల్చవద్దు. ఆ సంగతి కింద జాగ్రత్తల దగ్గర ఉంది.

ఒక గ్రాము గొట్టాల్లో నిజంగా ఎంత సరుకు పడుతుంది?

చాలామంది మొదట దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూద్దాం. బయటి వ్యాసం 60, బోలు 15 నానోమీటర్లు అనుకోండి. బోలు వాటా 15/60 వర్గం, అంటే 6.25 శాతం. గోడ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.55 గ్రాములు. ఆ లెక్కన ఒక గ్రాము పొడిలో ఉన్న బోలు అంతా కలిపితే 0.026 మి.లీ. దాన్ని తుప్పు నిరోధకమైన బెంజోట్రయాజోల్‌తో (సాంద్రత సుమారు 1.36) ఖాళీ లేకుండా కూరినా 35 మిల్లీగ్రాములే. నింపిన పొడి బరువులో అది మూడున్నర శాతం లోపు.

గొట్టం పల్చనిదై బయట 50, లోపల 20 ఉంటే బోలు 16 శాతానికి చేరుతుంది, సరుకు 9 శాతం దాకా పోతుంది. కాబట్టి 5–10 శాతం అన్న మాట వింటే నమ్మొచ్చు. ఆమ్లంతో బోలు పెంచకుండానే 25 శాతం నింపామంటే, అందులో చాలా భాగం గొట్టాల బయట, సందుల్లో పేరుకున్నదే అయ్యుంటుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. బెంజోట్రయాజోల్‌ను అసిటోన్‌లో మి.లీ.కు 80 మి.గ్రా. కరిగించి ఆ ద్రావణంతో బోలు నింపితే గ్రాముకు పట్టేది 2 మి.గ్రా. మాత్రమే. అంటే 0.2 శాతం! ద్రావణం లోపలికి పోవడంతో పని అయిపోదన్నమాట. ద్రావకం ఆవిరై సరుకు లోపలే చిక్కబడాలి, ఖాళీ అయిన చోటికి మళ్లీ ద్రావణం రావాలి. వాక్యూమ్ చక్రాలు (గాలి లాగడం, మళ్లీ వదలడం) తిప్పేది ఇందుకే.

నింపే పద్ధతి ఏమిటి?

బెంజోట్రయాజోల్‌తో 10 గ్రాముల బ్యాచ్ ఇలా చేయండి.

1. పొడిని 100–110 °సె. దగ్గర రాత్రంతా ఆరబెట్టి జల్లించండి. తడి ఉన్న హాలోయ్‌సైట్‌లో పొరల మధ్య నీటి పొర ఒకటుంటుంది. వేడికి అది పోతుంది, మళ్లీ నీళ్లు పోసినా తిరిగి రాదు. కాబట్టి ప్రతి బ్యాచ్‌నూ ఒకే తీరున ఆరబెట్టాలి.

2. 100 మి.లీ. అసిటోన్‌లో 8 గ్రాముల బెంజోట్రయాజోల్ పూర్తిగా కరిగించి, 10 గ్రాముల పొడి వేసి, అల్ట్రాసోనిక్ బాత్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే తొట్టి) 5–10 నిమిషాలు ఉంచండి. ముద్దలు కనబడకూడదు.

3. ఫ్లాస్కును వాక్యూమ్ డెసికేటర్‌లో (లోపలి గాలి తీసేయగల మూత పాత్ర) పెట్టండి. పంపుకూ దానికీ మధ్య కోల్డ్ ట్రాప్ (ఆవిరిని చల్లబరచి పట్టే పాత్ర) ఉండాలి. సన్నగా బుడగలు మొదలయ్యేదాకా పీడనం మెల్లగా తగ్గించి 20–30 నిమిషాలు అలాగే ఉంచండి.

4. మెల్లగా గాలి వదిలి 10 నిమిషాలు ఆగండి. మొత్తం మూడు చక్రాలు తిప్పండి.

5. సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి పొడిని అడుక్కి దించి, పైతేట తీసేయండి. చల్లని ద్రావకం కొద్దిగా పోసి ఒక్కసారి, క్షణాల్లో కడిగి మళ్లీ తిప్పండి. 40–50 °సె. దగ్గర ఆరబెట్టి మెత్తగా నలపండి. గట్టిగా నూరితే గొట్టాలు విరుగుతాయి.

వాక్యూమ్ లేకుండా లోపలికి పోదా?

పోతుంది. 15 నానోమీటర్ల బోలులోకి అసిటోన్‌ను లాగే కేశనాళిక పీడనం లెక్క కడితే 60 వాతావరణాలకు సమానం. పంపు ఇచ్చేది మహా అయితే ఒక వాతావరణం. ముద్దల మధ్య, బోలులో చిక్కిన గాలిని తీసేయడం, ద్రావకాన్ని ఆవిరి చేసి సరుకును చిక్కబరచడం వాక్యూమ్ చేసే మేలు. అందుకని ఖరీదైన పంపు కోసం తాపత్రయపడనక్కర్లేదు. పీడనం నిలకడగా ఉంటే చాలు.

నింపేటప్పుడు ఎక్కువగా ఎక్కడ చెడుతుంది?

వాక్యూమ్ ఒక్కసారిగా లాగడం దగ్గర. గది ఉష్ణోగ్రతలో అసిటోన్ 25–30 కిలోపాస్కల్స్ దగ్గరే మరుగుతుంది. ఆ గీత దాటించి లాగితే ద్రావణం ఎగిసిపడి పొడి మొత్తం డెసికేటర్ గోడలకు అంటుకుంటుంది. ద్రావకం వేగంగా పోతే సరుకు బయటే స్ఫటికాలై పొడి మీద తెల్లని పెచ్చు కడుతుంది. ఇథనాల్‌కు ఈ హద్దు 6–8 కిలోపాస్కల్స్, నీటికి 2–3.

రెండోది కడగడం. కడగకపోతే బయటి పెచ్చు మొదటి గంటలోనే కరిగిపోయి, విడుదల గ్రాఫ్ (ఏ సమయానికి ఎంత సరుకు బయటికొచ్చిందో చూపేది) నిట్టనిలువుగా లేస్తుంది. ఎక్కువ కడిగితే లోపలిది కూడా పోతుంది. రెండు నమూనాలు తీసి, ఒకదాన్ని ఒకసారి, మరోదాన్ని రెండుసార్లు కడిగి పోల్చండి. రెండో కడుగులో పెద్దగా తగ్గకపోతే మీ దగ్గర మిగిలింది లోపలి సరుకే.

ఎంత నిండిందో ఎలా కొలవాలి?

టీజీఏ, అంటే వేడి చేస్తూ బరువు తూచే పద్ధతి. ఖాళీ గొట్టాలనూ నింపినవాటినీ ఒకే వేగంతో వేడి చేసి తేడా చూడాలి. 150 °సె. లోపు పోయేది చాలావరకు తేమ. 450–550 మధ్య మట్టి తన నిర్మాణంలోని నీటిని వదులుతుంది, పూర్తిగా పోతే సుమారు 14 శాతం. ఈ రెంటి మధ్య పోయేది సరుకు. ఖాళీ గొట్టాల నమూనా పెట్టకుండా ఇచ్చిన శాతాన్ని మేం లెక్కలోకి తీసుకోం. మట్టి తేమే రెండు శాతం అటూ ఇటూ ఊగుతుంది, కొలవబోయే సరుకేమో నాలుగు శాతం.

గొట్టం తనంతట తానే విడుదలను నెమ్మది చేస్తుందా?

సూటిగా చెప్పాలంటే, చేయదు. గొట్టం పాత్ర లాంటిది, నియంత్రణ అంతా మూతలో ఉంటుంది. పొడవు ఒక మైక్రాన్, రెండు చివరలూ తెరిచి ఉన్నాయి, అంటే అణువు దాటాల్సింది మహా అయితే అర మైక్రాన్. నీళ్లలో చిన్న అణువు వ్యాపించే వేగంతో లెక్కవేస్తే ఆ దూరానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మరి ప్రయోగాల్లో గంటలెందుకు పడుతోంది? సరుకు నీళ్లలో మెల్లగా కరగడం, అల్యూమినా గోడను అంటిపెట్టుకోవడం, పొడి ముద్దల్లోంచి బయటపడాల్సి రావడం వల్ల. ఈ మూడూ లేకపోతే గొట్టం దానికదిగా దేన్నీ ఆపలేదు.

కాబట్టి డిజైన్ చేసేటప్పుడు నీళ్లలో తక్కువ కరిగే సరుకు ఎంచుకోండి, లేదా లోపలి గోడను పట్టుకునేది ఎంచుకోండి. రెండూ కుదరకపోతే చివరలకు బిరడా వేయండి. ఆపైన రెసిన్ ఎలాగూ అడ్డుంటుంది.

ఏ పదార్థాలు బాగా నిలుస్తాయి?

గొట్టం బయట రుణావేశం, లోపల పీహెచ్ 8.5 దాకా ధనావేశం. కాబట్టి రుణావేశమున్న అణువులు లోపలికి చేరతాయి, ధనావేశమున్నవి బయట అంటుకుంటాయి. సోడియం డోడెసిల్ సల్ఫేట్ లాంటి రుణావేశపు సబ్బు అణువులు లోపల కుదురుకుంటాయి. ఎంజైముల విషయంలో, వాటి సమవిద్యుత్ బిందువు (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కంటే ఎక్కువ పీహెచ్ ఉంచితే అవి రుణావేశం పొంది లోపలికి వెళ్తాయి. చాలా ప్రోటీన్లు 3–7 నానోమీటర్లే కాబట్టి చోటు సరిపోతుంది. అయితే వాటికి అసిటోన్ వాడకూడదు, నీటి బఫర్‌లోనే చేయాలి.

బిరడాలు ఎలా వేస్తారు?

బెంజోట్రయాజోల్‌కు సులువైనది రాగి బిరడా. నింపి కడిగిన పొడిని 0.05 మోలార్ కాపర్ సల్ఫేట్ ద్రావణంలో (లీటరుకు ఐదు నీటి అణువుల మైలుతుత్తం 12.5 గ్రాములు) ఒకటి రెండు నిమిషాలు తిప్పి వెంటనే వేరు చేయాలి. బయటికొస్తున్న బెంజోట్రయాజోల్ గొట్టం మూతి దగ్గరే రాగితో కలిసి, నీళ్లలో కరగని పొరగా గడ్డకడుతుంది. గంటల్లో పోయేది రోజుల్లోకి సాగుతుంది. అరగంట నాననిస్తే మాత్రం బిరడా గట్టిపడేలోపు లోపలి సరుకు సగం ద్రావణం పాలవుతుంది.

ఒక హెచ్చరిక: ఈ పొడిని అల్యూమినియం మీద వేసే పూతలో వాడబోతుంటే మిగిలిపోయిన రాగి అయాన్లను జాగ్రత్తగా కడిగేయాలి. అల్యూమినియం మీద రాగి పేరుకుంటే అక్కడే గుంటల తుప్పు మొదలవుతుంది. తుప్పు ఆపబోయి తుప్పు పెట్టినట్టవుతుంది. రాగి, ఇత్తడి మీదైతే ఈ బెడద లేదు. అల్యూమినియానికి మా ఓటు పాలిమర్ పొరకే.

పాలిమర్ పొరల పద్ధతిలో ముందు ధనావేశపు పాలీఇథిలిన్‌ఇమైన్, ఆపైన రుణావేశపు పాలీస్టైరీన్ సల్ఫోనేట్, మి.లీ.కు 1–2 మి.గ్రా. గాఢతతో, ఒక్కోటి 15 నిమిషాలు. రెండు మూడు జతలు చాలు. చిక్కేమిటంటే ప్రతి పొరకూ మధ్య నీళ్లతో కడగాలి. సరుకు నీళ్లలో బాగా కరిగేదైతే ఆరు కడుగులయ్యేసరికి గొట్టం దాదాపు ఖాళీ. అలాంటి సరుకుకు అది కరగని ద్రావకం ఏదో చూసి, అందులో కరిగే పాలిమర్‌తో పొర వేయాలి.

ఆమ్లంతో బోలు పెంచడం మంచిదేనా?

సల్ఫ్యూరిక్ ఆమ్లం లోపలి అల్యూమినాను కరిగిస్తుంది, బయటి సిలికా జోలికి పోదు. బోలు రెట్టింపు మూడింతలవుతుంది, సరుకూ పెరుగుతుంది. కానీ గోడ పల్చబడి చిల్లులు పడుతుంది, లోపలి ధనావేశం తగ్గుతుంది, కలిపేటప్పుడు గొట్టాలు తేలిగ్గా విరుగుతాయి. ఇంకా సాగనిస్తే గొట్టం పోయి సిలికా రజను మిగులుతుంది. సరుకు ఎక్కువ పట్టడమే ముఖ్యమైతే చేయండి. కాంపోజిట్‌కు బలం కూడా కావాలంటే వద్దు.

ఎపాక్సీలో ఎంత శాతం, ఎలా కలపాలి?

మొత్తం బరువులో 2–5 శాతం దగ్గర మొదలెట్టండి. 10 శాతానికి చేరేసరికి రెసిన్ చిక్కబడి బుడగలు వదలదు. 100 గ్రాముల పూతలో 4 శాతం నిండిన గొట్టాలు 5 గ్రాములు వేస్తే చేరే బెంజోట్రయాజోల్ 0.2 గ్రాములు. ఈ కొద్దిపాటిదాన్ని నేరుగా రెసిన్‌లో కలిపేయొచ్చు కదా అని అడుగుతుంటారు. అలా కలిపితే కొంత ఎపాక్సీ వలయాలతో చర్య జరిపి గట్టిపడే తీరును మారుస్తుంది, మిగిలింది గీత పడకముందే నీళ్లలోకి ఊరిపోతుంది. గొట్టం దాన్ని రెసిన్‌కు దూరంగా, అవసరం వచ్చేదాకా ఉంచుతుంది.

ఎపాక్సీ రెండు భాగాలుగా వస్తుంది: రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్. పొడిని రెసిన్ భాగంలోనే కలపండి, హార్డెనర్‌లో వద్దు. హార్డెనర్‌లో ఉండే చాలా అమైన్లు సరుకును కరిగించి బయటికి లాగేస్తాయి. రెసిన్‌ను పల్చన చేయడానికి అసిటోన్ పోయడం మరీ పొరపాటు. నింపడానికి వాడిన ద్రావకమే సరుకును తిరిగి బయటికి తెస్తుంది, రోజంతా చేసిన పని ఐదు నిమిషాల్లో పోతుంది. చిక్కదనం తగ్గించాలంటే రెసిన్‌ను 50–60 °సె. దాకా వెచ్చబెట్టండి.

మూడు రోలర్ల మిల్లు ఉంటే అదే ఉత్తమం. లేకపోతే ప్రోబ్ సోనికేటర్ (ద్రవంలో ముంచి ధ్వని తరంగాలతో కుదిపే కడ్డీ), 5 సెకన్లు నడిపి 5 సెకన్లు ఆపుతూ, గిన్నె ఐస్‌లో ఉంచి, మొత్తం పది నిమిషాలకు మించకుండా. ఎక్కువసేపు నడిపితే ముద్దలతో పాటు గొట్టాలూ ముక్కలవుతాయి. మధ్యలో హెగ్‌మన్ గేజ్ (ముద్దల సైజు చూపే గాడి పలక) మీద గీసి చూడండి. 50 మైక్రాన్ల పూతలో 20 మైక్రాన్ల ముద్ద ఒక్కటున్నా నీళ్లు దాని వెంటే లోహం దాకా దిగుతాయి. ఆ తర్వాత వాక్యూమ్‌లో బుడగలు తీసి, చివర్న హార్డెనర్ కలిపి పోయండి. మట్టి రెసిన్ కంటే రెట్టింపు బరువు కాబట్టి నిలవ ఉంటే అడుక్కి చేరుతుంది, వాడే ముందు మళ్లీ కలపాలి.

సైలేన్ పూస్తే మేలా?

సైలేన్ అంటే మట్టినీ రెసిన్‌నూ అతికించే రసాయనం. మేలే, కానీ వరుస చూసుకోవాలి. అమైనోప్రొపైల్ ట్రైఇథాక్సీసైలేన్ లాంటివి అతుక్కోవడానికి హైడ్రాక్సిల్ గుంపులు కావాలి. అవి ఎక్కువగా ఉన్నది లోపలి అల్యూమినా గోడ మీద, అంచుల దగ్గర. బయటి సిలికా ముఖం దాదాపు మొద్దుది. ముందే సైలేన్ పూస్తే అది బోలులో చోటు ఆక్రమిస్తుంది. ముందు నింపి తర్వాత పూద్దామంటే సైలేన్ ద్రావకం సరుకును కడిగేస్తుంది. రెండింట్లో ఏది ముఖ్యమో తేల్చుకుని దిగండి.

గీత పడినప్పుడు పూతలో ఏం జరుగుతుంది?

గట్టిపడిన రెసిన్‌లో, పొడిగా ఉన్నంతకాలం ఏమీ జరగదు. గీత పడగానే దాని అంచుల్లోని గొట్టాలు విరిగి, మూతులు తెరుచుకుంటాయి. తడి చేరితేనే సరుకు కరిగి లోహం మీద పల్చని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర అణువుల మందమే కాబట్టి మిల్లీగ్రాముల సరుకు కూడా చాలు. ఇంత చిన్న పొరను చిన్న గీతకే నమ్మొచ్చు. మిల్లీమీటర్ల వెడల్పు లోతుగా చీలితే గొట్టాలేమీ చేయలేవు. పరీక్షకు ఖాళీ గొట్టాల పూత, నింపిన గొట్టాల పూత, అసలు గొట్టాలు లేని పూత మూడూ ఒకే మందంలో గీసి, 35 °సె. దగ్గర 5 శాతం ఉప్పు పొగమంచులో పెట్టండి. ఖాళీ గొట్టాల పలక లేకపోతే, మేలు సరుకు వల్లా, మట్టి వల్లా అన్నది తేలదు.

కరిగించిన ప్లాస్టిక్‌లో కలపొచ్చా?

కలపొచ్చు. మట్టి ఆ వేడికి చెక్కుచెదరదు. సరుకు తట్టుకుంటుందా అన్నదే ప్రశ్న. బెంజోట్రయాజోల్ 100 °సె. దగ్గరే కరుగుతుంది, నైలాన్ వేడికి (230 పైన) ఆవిరై పోతుంది. గొట్టం దాని పోకను ఆలస్యం చేస్తుంది, ఆపదు. పాలీప్రొపైలీన్ లాంటి నూనె స్వభావం గలవాటిలో మాలిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపైలీన్ కొంత వేయకపోతే మట్టి ముద్దకడుతుంది. పొడిని ముందే బాగా ఆరబెట్టండి, తేమ ఉంటే నురగ వస్తుంది.

విడుదలను కొలిచేటప్పుడు ఏం తప్పు జరుగుతుంది?

నీళ్లు చాలకపోవడం పెద్ద తప్పు. సరుకు మొత్తం బయటికొచ్చినా దాని కరిగే హద్దులో పదో వంతు దాటనంత నీరు ఉండాలి. లేకపోతే గొట్టం ఆపినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆపింది నీళ్లు. ఇంకోటి, నమూనాలో మిగిలిన మట్టి రజను కాంతిని చెదరగొట్టి అతినీలలోహిత కొలతను పెంచుతుంది. 0.2 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్ సరుకును పట్టుకోవడం లేదని ముందే తెలిసిన ద్రావణంతో సరిచూడండి. మొదటి గంటలో ఐదు నిమిషాలకోసారి తీయండి, తర్వాత దూరం పెంచండి. పోల్చడానికి గొట్టాలు లేని సరుకును కూడా అలాగే కరిగించి గ్రాఫ్ గీయాలి.

బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఎందుకింత తేడా?

గని నుంచి వచ్చిన ఖనిజం కదా. చీనా మట్టి పలకలు, క్వార్ట్జ్, క్రిస్టోబలైట్ (రెండూ స్ఫటిక సిలికా), ఇనుప ఆక్సైడ్లు కలిసి ఉంటాయి, గొట్టాల పొడవు ఏకరీతిగా ఉండదు. కొత్త సంచి తెరిచినప్పుడల్లా ఒక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని బొమ్మ, ఒక టీజీఏ, ఒక ఉపరితల వైశాల్యం కొలత తీసి పెట్టుకోండి. వైశాల్యం మామూలుగా గ్రాముకు 50–65 చదరపు మీటర్లు ఉంటుంది. దానికి చాలా తక్కువొస్తే సంచిలో పలకలో ఇసుకో ఎక్కువున్నాయేమో చూడండి.

శరీరంలో వాడొచ్చా?

శరీరం బయట వాడేవాటిలోనూ, లోపల అమర్చే పదార్థాల్లోనూ పరిశోధన జరుగుతోంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ నింపి ఎముక సిమెంటులో కలిపి చూశారు. రక్తంలోకి ఎక్కించడానికి పనికిరాదు, ఈ మట్టిని శరీరం విరగ్గొట్టలేదు.

ఏ జాగ్రత్తలు తప్పనిసరి?

పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే తూచండి, ఎన్95 స్థాయి మాస్కు పెట్టుకోండి. క్వార్ట్జ్, క్రిస్టోబలైట్ ఉన్న రజను ఊపిరితిత్తులకు మంచిది కాదు. చిందితే చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. అసిటోన్‌కు మంట అంటుకునే ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంది, పంపు దగ్గర నిప్పురవ్వ రాకూడదు. బెంజోట్రయాజోల్ నీటి జీవులకు హానికరం, కడిగిన నీళ్లు సింకులో పోయకుండా వేరే డబ్బాలో పట్టి రసాయన వ్యర్థాలకు పంపండి.

నింపిన పొడి ఎన్నాళ్లు నిలవుంటుంది?

తేమ తగలకుండా మూసిన సీసాలో, సిలికా జెల్ సంచీతో ఉంచితే నెలలు. తేమ తగిలితే సరుకు పాకి బయటికొచ్చి స్ఫటికాలు కడుతుంది, పొడి గడ్డకడుతుంది. వాడే ముందు కాస్త పొడి తీసి మళ్లీ టీజీఏ చేయండి. సీసా మీద నింపిన తేదీతో పాటు ఆ రోజు వచ్చిన శాతం కూడా రాసుంటే పోల్చడానికి వీలుంటుంది.